అక్క జబ్బు పేరు

పరుపులు కుట్టేవాడు సాయంత్రం దుకాణం మూసేముందు దబ్బనాలు లెక్కపెట్టుకుంటాడు. పొద్దున ఎన్ని తీశాడో అన్నీ మళ్లీ గోడకున్న దూదిమెత్తకి గుచ్చి, అప్పుడు తలుపు వేస్తాడు. ఒక్కటి తక్కువైందంటే ఆ రోజు కుట్టిన పరుపేదీ గడప దాటకూడదు. దూదిలో దబ్బనం ఉండిపోతే అది ఎప్పుడు ఎవరి వీపులో దిగుతుందో చెప్పలేం.

ఆ ముసలాయన యాభై ఏళ్లకు పైగా ఆ పని చేస్తున్నాడు. లెక్క ఏనాడూ తప్పలేదు. ఆ మంగళవారం తప్పింది. ఐదు తీశాడు, నాలుగే ఉన్నాయి.

బల్ల కింద చూశాడు. చాప దులిపాడు. చొక్కా విప్పి దులిపాడు. లేదు. ఆ రోజు కుట్టినవి మూడు పరుపులు. మూడూ గోడకి ఆనించి ఉన్నాయి, మర్నాడు పొద్దున్నే తీసుకుపోయేవాళ్లు వస్తారు. మొదటిదాన్ని నేల మీదకి లాగి కత్తెరతో కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

వెనకింట్లోంచి భార్య వచ్చింది. దుకాణం వెనకే వాళ్ల ఇల్లు, మధ్యలో ఒక్క తలుపు.

"ఏమండీ, కుట్టింది విప్పుతున్నారేంటి?"

"దబ్బనం పోయింది."

"మీకా!" అని ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "నిన్న టీలో ఉప్పు కలుపుకున్నారు. పొద్దున నా చెప్పులేసుకుని సందు చివరిదాకా పోయారు, ఆ మెకానిక్కులు నవ్వి నవ్వి చచ్చారు. ఇప్పుడు దబ్బనం. ఏమైందో చెప్తే కదా తెలిసేది! మీ నోట్లోంచి ఒక మాట రాలాలంటే అర్జీ పెట్టుకోవాలి."

ఆయన కుట్లు విప్పుతూనే ఉన్నాడు. పక్క షెడ్డులో మోటారు సైకిళ్లు బాగుచేసేవాళ్లు ఆయనకి 'సైలెన్సర్' అని పేరు పెట్టింది ఊరికే కాదు. పలకరిస్తే తలూపుతాడు, పరుపు కొలత అడిగితే వేళ్లు చూపిస్తాడు. మాట్లాడకుండా ఉండడం ఆయనకి ఎప్పుడూ బరువనిపించలేదు. ఇప్పుడు లోపల ఉన్నది వేరు. మింగలేడు, కక్కలేడు. సోమవారం నుంచి కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

సోమవారం జరిగింది ఇది.

వాళ్లకి ఇద్దరు కూతుళ్లు. పెద్దది తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేస్తుంది. కిందటేడు, నలభై తొమ్మిదో ఏట, ఆమెకి ఎడమ రొమ్ములో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించారు, జుట్టంతా పోయి మళ్లీ అంగుళం మొలిచింది. ఇప్పుడు తేరుకుని పనికి పోతోంది. చిన్నది కళ్లద్దాల దుకాణంలో ఉంటుంది, నలభై ఒకటి. అక్కకి జబ్బని తెలిసిన రోజు నుంచి దానికి స్థిమితం లేదు. స్నానానికి వెళ్తే అరగంట బయటికి రాదు, తడుముకుంటూనే ఉంటుంది. వచ్చాక వాళ్లమ్మని పక్కకి పిలిచి "ఇక్కడ చూడవే" అంటుంది. ఏమీ ఉండదు. మళ్లీ మర్నాడు అదే.

ఆ పేట ఆరోగ్య కేంద్రం వాళ్లు కొత్తగా ఒక పథకం పెట్టారు. కొన్ని ఇళ్లల్లో క్యాన్సర్ రక్తంలోనే దిగి వస్తుందట. అలాంటి ఇళ్లేవో కనిపెట్టి, జబ్బు ముదరకముందే మనుషుల్ని పట్టుకోవాలని వాళ్ల ఆలోచన. దానికోసం ఒక నర్సుని వేశారు. కుటుంబాలని కూర్చోబెట్టి వంశవృక్షాలు గీయడం ఆమె పని. అందుకే పేటంతా ఆమెని చెట్ల నర్సు అంటారు.

సోమవారం నలుగురూ ఆమె గదికి వెళ్లారు. చిన్న గది. ఒక మూల బరువు చూసే యంత్రం, దాని మీద ఎవరో మర్చిపోయిన గొడుగు. ఫ్యాను తిరిగినప్పుడల్లా టిక్కు టిక్కుమంటోంది. నర్సు బల్ల మీద పెద్ద కాగితం పరిచి నాలుగు మూలలా నాలుగు మందు సీసాలు పెట్టింది.

"ఆడవాళ్లకి సున్నా, మగవాళ్లకి పెట్టె. క్యాన్సర్ వచ్చినవాళ్లది నల్లగా నింపుతాను. పోయినవాళ్ల మీద అడ్డంగా ఒక గీత. అంతే, ఇదే నా చదువంతా" అంది నవ్వుతూ.

"అయితే నా వైపు గీయి తల్లీ ముందు," అంది భార్య. "మా అమ్మ కడుపులో గడ్డతో పోయింది."

"ఎన్నో ఏట పిన్నిగారూ?"

"డెబ్బైకి అటూ ఇటూ."

"ఆ వయసులో కడుపులో వచ్చినదాన్ని బట్టి ఇది దిగి వచ్చిందని అనలేమండీ."

"నువ్వలాగే అంటావు. నాకు తెలియదా? నా రక్తమే దానికి వచ్చింది," అని ఆవిడ పెద్దదాని వంక చూడకుండా కొంగు సర్దుకుంది. ఏడాదిగా ఆవిడ అంటున్న మాటే అది.

నర్సు ఆయన వైపు తిరిగింది. "మీ వైపు చెప్పండి బాబాయ్. తోడబుట్టినవాళ్లు?"

"తమ్ముడు."

"అక్కచెల్లెళ్లు?"

"అక్క. పోయింది."

"ఎన్నేళ్లకి?"

"ముప్పై నాలుగు."

"అయ్యో. ఏమై?"

"కామెర్లు."

ఆ మాట దానంతట అదే వచ్చింది. అక్క పోయినప్పుడు ఆయనకి ఇరవై, తమ్ముడికి పదహారు. మూడో రోజున వాళ్లమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఎవరడిగినా కామెర్లనే చెప్పాలి. రొమ్ము మీద పుండు పడి పోయిందని తెలిస్తే ఈ ఇంటికి పిల్లనెవరూ ఇవ్వరు. రేపు మీకు ఆడపిల్లలు పుడితే వాళ్లనీ ఎవరూ చేసుకోరు. నా తల మీద చెయ్యేసి చెప్పండి" అంది. చెప్పారు. రెండేళ్ల తర్వాత పెళ్లి మాటలప్పుడు కాబోయే మామగారు అడిగితే, ఆయన తడుముకోకుండా ఆ మాటే అన్నాడు. పెళ్లయిన ఈ యాభై ఒక్క ఏళ్లలో కూడా ఎవరడిగినా అదే.

అబద్ధం ఆడుతున్నానని కూడా ఆ క్షణంలో ఆయనకి తోచలేదు. తోచినా ఆగేవాడు కాదేమో. ఆడవాళ్ల జబ్బు ఆడవాళ్ల దారినే దిగుతుందని ఆయన నమ్మకం. మధ్యలో తాను మగవాడున్నాడు. అక్కది తనని దాటి కూతురికి ఎలా వస్తుంది?

నర్సు ఆయన అక్క సున్నా మీద అడ్డగీత గీసింది. నల్లగా నింపలేదు. కాగితమంతా ఒకసారి చూసి పెన్సిలు పక్కన పెట్టింది.

"ఇది దిగి వచ్చిందో లేదో తేల్చే రక్తపరీక్ష ఇవ్వాలంటే ఒకే వైపు ఇద్దరికి ఈ జబ్బు వచ్చి ఉండాలి. లేదా ఒక్కరికే అయినా నలభై ఐదు లోపు వచ్చి ఉండాలి. మీ ఇంట్లో పెద్దమ్మాయి ఒక్కరే, అదీ నలభై తొమ్మిదిలో. ఈ లెక్కన మీకు పరీక్ష రాదండీ."

"మరి నాకు?" అంది చిన్నది.

"యాభై నిండాక అందరికీ తీసే రొమ్ము ఎక్స్-రే మీకూ తీస్తాం."

"యాభైకా! ఇంకా తొమ్మిదేళ్లు! అప్పటిదాకా నాకేం రాదని ఎవరన్నా రాసిచ్చారా?"

"పరీక్షలో దొరికితే రేపటి నుంచే ఏటా స్కాన్ తీస్తాం, మొదట్లోనే పట్టుకుంటాం. దొరకడానికి ముందు పరీక్షకి దారి ఉండాలి కదమ్మా. శుక్రవారం మధ్యాహ్నం ఈ విడత జాబితా పైకి పోతుంది. ఇంకో విడత ఎప్పుడో, అసలుందో లేదో నాకే తెలీదు. ఈలోగా ఎవరికేమన్నా గుర్తొస్తే రండి. నాన్నగారి వైపు కూడా బాగా ఆలోచించండి. ఇది ఆడవాళ్ల నుంచే వస్తుందనుకుంటారు అందరూ."

"మగవాడి నుంచి కూడానా?"

ముగ్గురు ఆడవాళ్లూ తిరిగి చూశారు. ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం వాళ్లకి వింత.

"అదే చెప్తున్నా బాబాయ్. మీరు పరుపు కొలతలు కాగితం మీద రాసుకుంటారా? ఆ కాగితంలో ఒక అంకె తప్పు పడిందనుకోండి. అది చూసి కుట్టిన ప్రతి పరుపూ తప్పే. ఇదీ అంతే. ఆ తప్పు కాగితం మగవాడి దగ్గరున్నా సరే, పిల్లలకి పోతుంది. ఒక్కో బిడ్డకీ సగానికి సగం. మగవాడికి ఏమీ కాకుండానే పిల్లలకి పోవచ్చు."

ఆయన నోరు తెరిచాడు. ఎడంపక్కన భార్య మోచెయ్యి తగులుతోంది. ఎదురుగా చిన్నది గోళ్లు కొరుక్కుంటోంది. ఒక్క మాట. ఆ ఒక్క మాట రాలేదు. నర్సు సీసాలు తీసి కాగితం చుట్టేసింది.

మంగళవారం పోయిన దబ్బనం మూడో పరుపులో దొరికింది, మూలన, దూదిలో అడ్డంగా.

"అమ్మయ్య! పీడ పోయింది. ఇక వచ్చి భోంచెయ్యండి" అంది భార్య.

ఆయన కూర్చున్నాడు గానీ కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.

బుధవారం దుకాణం తెరవలేదు. ఆరోగ్య కేంద్రానికి పోయాడు. చీటీలు రాసే కిటికీ దగ్గర గుమాస్తా తలెత్తకుండా అడిగాడు.

"ఎవరికి చూపించుకోవాలి?"

"ఎవరికీ కాదు."

"నొప్పెక్కడ?"

"నొప్పి లేదు."

"నొప్పి లేని మనిషి మా దగ్గరికి రావడం ఇదే మొదలు," అని గుమాస్తా అప్పుడు తలెత్తాడు. "ఏం కావాలి తాతా?"

"చెట్ల నర్సు."

"ఆమె బయట పేటల్లో తిరుగుతోంది. రేపు కూడా ఉండదు. శుక్రవారం పొద్దున ఉంటుంది. ఏమన్నా చెప్పాలా?"

ఆయన నీళ్లు నమిలాడు. "మా కాగితంలో ఒకటి మార్చాలి. వేరే ఎవరికీ తెలియకుండా."

"తెలియకుండా ఎలా కుదురుతుంది? మార్చిన కాగితం నకలు ఇంట్లో ఒక్కొక్కరికీ ఇస్తారు. అందరూ చదువుకుని సంతకాలు పెట్టాలి."

"అందరూనా?"

"మరి? అది మీ ఒక్కరి రక్తమా?"

ఆయన మెట్లు దిగాడు. మళ్లీ ఎక్కాడు. బల్ల మీద కూర్చుని లేచాడు, కూర్చుని లేచాడు. ఆ బల్ల మీద జ్వరంతో ఉన్న ఒకావిడ "అయ్యా, మీరు లేచినప్పుడల్లా నేను కింద పడబోతున్నాను" అంది. అప్పుడు ఇంటికి నడిచాడు, దగ్గరి దారి వదిలేసి చుట్టూ తిరిగి.

భార్య ఏమంటుందోనన్న భయం ఒకటి. దానికంటే అడుగున ఇంకొకటి ఉంది. ఏడాదిగా ఆవిడ "నా రక్తమే, మా అమ్మ నుంచే" అని తనని తాను కోసుకుంటుంటే ఆయన పక్కనే ఉన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకి లోపల కాస్త తేలికయ్యేది కూడా. ఆ సంగతి ఎవరికీ చెప్పడు. తనకి తానైనా పెద్దగా చెప్పుకోడు.

గురువారం పొద్దున తమ్ముడికి ఫోన్ చెయ్యాలనుకున్నాడు. ఇద్దరూ కలిసి ఇచ్చిన మాట, అడగకుండా తానొక్కడే ఎలా తప్పుతాడు? తమ్ముడు రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరై వేరే ఊళ్లో ఉంటున్నాడు. ముగ్గురు కూతుళ్లు. ఇంట్లోంచి చేస్తే భార్య వింటుందని మెకానిక్కుల షెడ్డు వెనక్కి పోయాడు. అక్కడ ఇంజన్ల మోత, ఎవరికీ వినపడదు.

"అన్నయ్యా, నువ్వా! ఎవరు పోయారు?" అన్నాడు తమ్ముడు. అన్నయ్య తనంతట తాను ఫోన్ చెయ్యడం వాళ్లమ్మ పోయినప్పుడు ఒక్కసారే.

"ఎవరూ పోలేదు. ఒక మాట అడగాలి."

"వినపడ్డం లేదు! ఎక్కడున్నావు, యుద్ధంలోనా?"

"అక్క గురించి!"

"ఎవరి గురించి?"

"అక్క! అక్కది కామెర్లు కాదని చెప్పేస్తాను!" అని ఆయన గొంతు చించుకుని అరిచాడు. సరిగ్గా అప్పుడే ఇంజన్ ఆగింది. షెడ్డులో నలుగురూ స్పానర్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పదిహేనేళ్లలో ఆయన గొంతు వాళ్లు వినడం అదే మొదలు.

"ఒరేయ్, సైలెన్సర్ ఊడిందిరోయ్!" అన్నాడు ఒకడు.

ఆయన గోడ మలుపు తిరిగి ఫోన్ చెవికి అదుముకున్నాడు. 

"అన్నయ్యా, నువ్వు ఇంకా ఎవరికీ చెప్పలేదా?"

"అమ్మకి మాటిచ్చాం కదా."

"ఇచ్చాం. నేను మా ఆవిడకి ఎప్పుడో చెప్పేశాను. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు. ఆడపిల్లని ఒళ్లో పెట్టారు, చెప్పకుండా ఉండలేకపోయాను. ముగ్గురు పిల్లలూ ముప్పై దాటినప్పటి నుంచి ఏటా చూపించుకుంటున్నారు."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా? నీతో ఒక మాట నడవాలంటే ఎంత కష్టం! అయినా నువ్వూ చెప్పే ఉంటావనుకున్నా. కట్టుకున్నదానికి చెప్పకుండా ఎవడుంటాడు?" తర్వాత గొంతు తగ్గించాడు. "కిందటేడు మీ పెద్దదానికి బాగాలేదని ఫోన్ చేస్తే వదిన 'మా అమ్మ నుంచే వచ్చింది మరిదీ' అని ఏడ్చింది. అటువైపు కూడా ఉందేమోలే అనుకున్నాను. అప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. తమ్ముడి మీద అనుకుంటే తమ్ముడు తప్పు చెయ్యలేదు. అమ్మ మీద అనుకుంటే అమ్మ లేదు. సందు చివరిదాకా పోయి వెనక్కి వచ్చాడు. మళ్లీ పోయి మళ్లీ వచ్చాడు. నలభై మూడేళ్లుగా ఆ ఇంట్లో తెలిసిన సంగతిని ఈ ఇంట్లో తానొక్కడే కాపలా కాస్తున్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని దిండు గలేబులు కుడుతోంది. ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏంటలా స్తంభంలా? పొద్దున్నుంచీ ఎక్కడ తిరుగుతున్నారు? ఆ విప్పేసిన పరుపుల వాళ్లు రెండుసార్లు వచ్చిపోయారు. నేనేమో ఏం చెప్పాలో తెలీక..."

"అక్కది కామెర్లు కాదు."

మిషను ఆగింది. "ఏ అక్కది?"

"మా అక్కది."

"మరి?"

ఆయన చెయ్యెత్తి తన ఎడమ రొమ్ము మీద పెట్టుకున్నాడు. అంతకంటే చెప్పలేకపోయాడు.

ఆవిడ చాలాసేపు ఆ చేతినే చూసింది.

"పెళ్లికి ముందు మా నాన్న అడిగాడు మిమ్మల్ని."

"అడిగాడు."

"మీ నోటితో మీరే చెప్పారు."

"నేనే చెప్పాను."

"నిజం చెప్తే నన్నిచ్చేవాడు కాదు."

"ఇచ్చేవాడు కాదు."

"సరే. అది పాత సంగతి. ఇన్నేళ్లు కాపురం చేశాక ఇప్పుడు దానికి కొట్లాడి ఏం బావుకుంటాను?" ఆవిడ గలేబుని మిషను మీంచి లాగితే దారం తెగలేదు. పళ్లతో కొరికింది. "ఈ ఏడాది సంగతి చెప్పండి. పెద్దదానికి తల దువ్వుతుంటే జుట్టు పాయలు పాయలుగా నా చేతిలోకి వచ్చేది. ఆ జుట్టంతా పోగేసి పారబోసింది నేను. పారబోసినప్పుడల్లా మా అమ్మని తిట్టుకున్నాను. కన్నతల్లిని. 'ఏం మూటగట్టి పంపావే నా పిల్లకి' అని. మీరు ఇదే గుమ్మంలో నిలబడి ఉండేవారు. వినపడలేదా?"

"వినపడింది."

"వినపడిందా!"

ఆ తర్వాత ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం వడ్డించింది, మాట్లాడలేదు. నీళ్లు పెట్టింది, మాట్లాడలేదు. పొద్దున లేచింది మొదలు గలగలమనే మనిషి. గోడ గడియారం చప్పుడు ఇంత పెద్దదని ఆయనకి అప్పుడే తెలిసింది. ఆయన వంటింట్లోకి పోయి నిలబడితే ఆవిడ దుకాణంలోకి పోయింది. దుకాణంలోకి పోతే ఇంట్లోకి వచ్చేసింది. సాయంత్రం కూతుళ్లిద్దరికీ తనే ఫోన్ చేసింది. ఒక్కటే ముక్క. "రేపు పొద్దున చెట్ల నర్సు దగ్గరికి రండి. మీ నాన్న మాట్లాడతారు."

"ఎవరూ, నాన్నా?" అన్న పెద్దదాని గొంతు ఫోన్లోంచి బయటికే వినపడింది.

శుక్రవారం నర్సు తలుపు తాళం తీసేసరికి నలుగురూ వరండాలో ఉన్నారు. భార్య ఆయనకి రెండు కుర్చీల అవతల కూర్చుంది. నర్సు పాత కాగితం తీసి పరిచి, సీసాలు పెట్టి, పెన్సిలు చెక్కుకుంది.

"చెప్పండి బాబాయ్."

"అక్కది కామెర్లు కాదు. ఇదే," అని పెద్దదాని వైపు గడ్డంతో చూపించాడు. "దీనికి వచ్చిందే."

చిన్నది కుర్చీలో ముందుకి జరిగింది. పెద్దది తన అంగుళం జుట్టులోకి వేళ్లు పోనిచ్చి అలాగే ఉండిపోయింది.

నర్సు కోప్పడలేదు, ఆశ్చర్యపడలేదు. ఇలాంటి కామెర్లు ఆమె చాలా చూసినట్టుంది.

"ఎటువైపు రొమ్ము?"

"ఎడమ."

"మొదట ఎప్పుడు తెలిసింది?"

"నాకా, వాళ్లకా?"

పెన్సిలు ఆగింది. "మీకు ముందే తెలుసా?"

తమ్ముడికి కూడా తెలియని సంగతి అది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బరువు చూసే యంత్రం వంక చూస్తూ మాట్లాడాడు. ఎప్పుడూ లేనంతసేపు మాట్లాడాడు.

"అప్పుడు నాకు పందొమ్మిది. నేనూ అక్కా కలిసి దూది శుభ్రం చేసేవాళ్లం. అక్క చెయ్యి మంచి చెయ్యి. దూదిలో ఎక్కడ గింజ ఉన్నా వేలికి తగిలేది. ఒక మధ్యాహ్నం పని ఆపేసింది. 'ఒరేయ్, నాకిక్కడ గింజలాగా తగులుతోందిరా' అంది. నవ్వుతూనే అంది. 'అమ్మకి చెప్పకు, హడావిడి చేస్తుంది' అంది. అక్క చెప్పొద్దంటే నేను చెప్పను. నన్ను ఎత్తుకుని పెంచింది అక్కే. నెల పోయాక అడిగాను, 'పెద్దదవుతోందా' అని. 'నీకెందుకురా' అంది. మళ్లీ అడగలేదు. ఎనిమిది నెలలు ఊరుకున్నాను. పుండై రవికకి అంటుకున్నాక అమ్మ చూసింది. ఆ తర్వాత నాలుగు నెలలే ఉంది."

ఫ్యాను టిక్కు టిక్కుమంటోంది.

"ఎనిమిది నెలలు!" అంది చిన్నది.  "అప్పుడు ఎనిమిది నెలలు. మళ్లీ మొన్న సోమవారం ఇక్కడే కూర్చుని, నేను తొమ్మిదేళ్లా అని మొత్తుకుంటుంటే కూడా నోరు మూసుకుని ఉన్నావు. నీకు నోరెందుకు నాన్నా?"

"ఉండవే," అంది పెద్దది. "ఈసారి నాలుగు రోజుల్లో చెప్పాడుగా. నాన్నకి అది పరుగే."

చిన్నది నవ్వలేదు.  

నర్సు ఆయన అక్క సున్నాని పెన్సిలుతో నింపడం మొదలుపెట్టింది. అంచు దాటకుండా నెమ్మదిగా నింపింది. తర్వాత ఆయన పెట్టె మధ్యలో ఒక చిన్న ప్రశ్న గుర్తు వేసింది.

"ఇప్పుడు ఒకే వైపు ఇద్దరయ్యారు. ఒకరికి ముప్పై నాలుగే. జాబితాలోకి వెళ్తారు. ముందు పెద్దమ్మాయి రక్తం తీస్తాం. ఫలితం రావడానికి ఆరేడు వారాలు పడుతుంది. అందులో తప్పు ఫలానా చోట ఉందని దొరికితే, అదే చోట చిన్నమ్మాయికి చూస్తాం. పెద్దమ్మాయిగారి పిల్లలకి, మీకు, మీ తమ్ముడి వైపు వాళ్లకి కూడా."

"తమ్ముడి పిల్లలు ముప్పై దాటినప్పటి నుంచే ఏటా చూపించుకుంటున్నారు. నాది ఇప్పుడే తీసెయ్యి," అని ఆయన చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు.

"వరస ఉంది బాబాయ్. ముందు ఆమెది."

"ముందు నాది తీస్తే తొందరగా తేలదా?"

"తేలదు. జబ్బు వచ్చిన మనిషిలోనే ముందు వెతకాలి."

ఆయన మడిచిన చెయ్యి దించుకోలేదు. అలాగే లేచి నిలబడ్డాడు. అప్పుడు రెండు కుర్చీల అవతల నుంచి భార్య గొంతు వచ్చింది, నిన్నటి మధ్యాహ్నం తర్వాత ఆయనతో మొదటిసారి.

"ఇంకేమన్నా ఉన్నాయా లోపల? ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. మళ్లీ విడత ఎప్పుడో!"

నర్సు నవ్వు ఆపుకుంది. ఆయన మాత్రం ఆ మాటని నిజమైన ప్రశ్నగానే తీసుకున్నాడు. నిలబడే ఆలోచించాడు.

"మా నాన్న చెల్లెలొకావిడ. నేను చూడలేదు. నలభై లోపే పోయింది. పొట్ట ఉబ్బితే కడుపుతో ఉందనుకున్నారట. కాదట."

"అండాశయంలో గడ్డేమో, అదీ ఈ దారినే వస్తుంది," అంటూ నర్సు కాగితం పైభాగాన ఇంకో సున్నా గీసి, అందులో ఇంకో ప్రశ్న గుర్తు వేసింది. కాగితంలో పైన చోటు అయిపోయింది. ఇంకో ముక్క తెచ్చి జిగురుతో అంటించింది.

నలుగురూ చదివి సంతకాలు పెట్టారు. పెద్దదాన్ని లోపలి గదిలోకి రక్తానికి పిలిచారు, వాళ్లమ్మ వెంట వెళ్లింది. చిన్నది తండ్రి వంక చూడకుండా చెయ్యి చాపింది.

"బాబాయి పిల్లల నంబర్లున్నాయా?"

ఆయన ఫోన్ తీసి ఇచ్చాడు. చిన్నది బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది. బాబాయి పెద్దకూతురితో అది మాట్లాడి ఎన్నేళ్లయిందో. ఆయన వెనకే పోయి, అది కింద పెట్టిన సంచీ తీసి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఒక వైపు మాటలే వినపడుతున్నాయి.

"అక్కా, నేనే... అందరం బాగానే ఉన్నాం... కాదు, బాగాలేం. ఒకటి చెప్పు, నువ్వు ఎన్నో ఏట మొదలుపెట్టావు?... ముప్పై రెండా?... ఏటా తప్పకుండానా?... నాకు నలభై ఒకటక్కా... లేదు, నాకు ఇప్పుడే తెలిసింది. ఇదిగో, అరగంట కింద... ఏ స్కాన్ అన్నావు? ఉండు ఉండు, రాసుకోవాలి."

అది వేళ్లతో గాలిలో రాస్తూ పెన్ను కోసం చుట్టూ చూసింది. ఆయన దగ్గర పెన్ను లేదు. చొక్కా జేబులో గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్ద ఉంది. ఇచ్చాడు. చిన్నది ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, సిమెంటు మెట్టు మీదే రాయడం మొదలుపెట్టింది. స్కాన్ పేరు, డాక్టరు పేరు, అడగాల్సిన ప్రశ్నలు. ఒక మెట్టు నిండింది, కింది మెట్టు మీదకి దిగింది.

పదకొండు కావస్తోంది. పిల్లల్నెత్తుకున్నవాళ్లు, కట్లు కట్టించుకునేవాళ్లు గుంపుగా లోపలికి వస్తున్నారు. ఆయన సంచీ భుజానికి తగిలించుకుని, మెట్లకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఇటు కాదు," అన్నాడు వచ్చిన ప్రతివాళ్లతోనూ. "అటు పక్కనుంచి ఎక్కండి. నా కూతురు రాసుకుంటోంది."